నమ్మి ఇచ్చి రావటం

రవికె గుడ్డ టైలరుకిచ్చి వచ్చిన రాత్రి నిద్ర పట్టని ఆడదాన్ని నేను. అది పట్టుచీరలోంచి కత్తిరించిన గుడ్డయితే మరీను. ముప్పావు మీటరు గుడ్డకే ఇంత బెంగ పడేదాన్ని, అరవై ఏళ్ళ నాటి గిటారును ఒక కొత్త మనిషి చేతికి ఇవ్వాలా వద్దా అని నెల రోజులు కొట్టుకున్నానంటే మీరు నవ్వరనే అనుకుంటాను.

ఆ గిటారు నాది కాదు. మా అత్తగారిది.

అత్తగారేమిటి, గిటారేమిటి అంటారు కదూ? మా షాద్‌నగర్‌లో మా వీధివాళ్ళూ అలాగే అన్నారు. ఆవిడ పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉద్యోగాలకని వెళ్ళి అక్కడే కాపురాలు పెట్టేసిన తెలుగువాళ్ళు ఆ ఊళ్ళో చాలామంది. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ. ఆ రోజుల్లో బెంగాల్‌లో చదువుకున్న ఇళ్ళ ఆడపిల్లలు హవాయి గిటారు నేర్చుకోవటం, మన వైపు పెళ్ళికెదిగిన పిల్ల వీణ నేర్చుకోవటం లాంటిదేనట. దాన్ని నిలబడి, భుజానికి తగిలించుకుని వాయించరు. ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టుకుని, ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ, కుడిచేత్తో మీటుతారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జోసెఫ్ కెకుకు అనే హవాయి కుర్రవాడు మొదలుపెట్టిన పద్ధతని చెబుతారు. 1940లలో టౌ మో అనే హవాయి వాద్యకారుడు కుటుంబంతో సహా కలకత్తాలో కొన్నేళ్ళు ఉన్నాడు. స్వరం మీంచి స్వరం మీదికి జారటం మన గమకానికి దగ్గరి చుట్టం కనక, ఆ వాద్యం మనవాళ్ళకు పరాయిదనిపించలేదు. 1967లో 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' రికార్డులో శివకుమార్ శర్మ సంతూర్‌కీ, హరిప్రసాద్ చౌరాసియా వేణువుకీ పక్కన బ్రిజ్ భూషణ్ కాబ్రా వాయించింది గిటారే. 1994లో విశ్వమోహన్ భట్‌కి గ్రామీ తెచ్చిపెట్టిన మోహనవీణా గిటారు కడుపున పుట్టిందే.

ఇదంతా నేను కూర్చుని తెలుసుకున్న సంగతి. మా అత్తగారు చెప్పింది ఒక్కటే ముక్క. "1966లో మా నాన్న కలకత్తా చిత్‌పూర్ రోడ్డులో కొన్నారమ్మాయ్. ఓవర్‌టైము డబ్బులు."

పెళ్ళయి ఆవిడ ఇటు వచ్చేసినప్పుడు ట్రంకుపెట్టెతో పాటు గిటారూ వచ్చింది. బెంగాల్ గాలిలో తడి ఉంటుంది. మన పాలమూరు మెట్టలో ఫాల్గుణం దాటితే గాలి కొలిమి ముందు నిలబడ్డట్టు ఉంటుంది. చెక్క చచ్చినా ఊపిరి పీలుస్తూనే ఉంటుందంటారు వడ్రంగులు. తడి గాలిలో ఉబ్బుతుంది, ఎండుగాలిలో ముడుచుకుంటుంది. అయినా ఆవిడ దాన్ని నలభై ఏళ్ళకు పైగా జాగ్రత్తగా కాపాడుకుంది. వేసవిలో తన మంచం కింద, నేల చల్లదనానికి, పాత చీర చుట్టి పెట్టుకునేది. మూడేళ్ళ క్రితం ఇంటికి రంగులు వేయిస్తూ దాన్ని ఎత్తి సజ్జ మీద, సరిగ్గా శ్లాబు కింద పెట్టింది ఎవరో చెప్పుకోండి. నేనే. రంగులయిపోయాయి, సామాన్లన్నీ ఎక్కడివక్కడ సర్దేశాను, గిటారు మాత్రం సజ్జ మీదే రెండు వేసవులు చూసింది.

దించి చూస్తే ఏముంది? తీగలు కట్టే బ్రిడ్జి చెక్క వెనక వైపు లేచిపోయి, సందులో పోస్టుకార్డు దూరేంత ఖాళీ ఉంది. పైపలక బొజ్జలా ఉబ్బింది. పక్కన జానెడు పొడుగు బీట. ఉక్కు తీగల గిటారుకి ఆరు తీగలూ శ్రుతిలో ఉన్నప్పుడు అన్నీ కలిసి లాగే బరువు దాదాపు 70 కిలోలు. ఆ బరువును మోసేది మూడు మిల్లీమీటర్ల మందం ఉన్నా లేకున్నా అనిపించే పలక. అంటే ఒక మనిషి రాత్రింబవళ్ళు వేలాడుతున్నాడన్నమాట, ఆ పల్చటి చెక్కని పట్టుకుని. దానికి తోడు పైన మా శ్లాబు వేడి. పాత బంక వదిలెయ్యక ఏం చేస్తుంది?

మా అత్తగారు దాన్ని చూసి ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. "పోనీలే అమ్మాయ్, నేను వాయించి మాత్రం ఎన్నేళ్ళయింది" అని, పాత చీర మళ్ళీ చుట్టి మంచం కింద పెట్టేసింది. ఆ 'పోనీలే' నన్ను పీక్కుతినేసింది. కోడళ్ళకు తెలుస్తుంది ఆ మాట బరువెంతో.

ఆవిడకు చెప్పకుండా, మా చిన్నదాన్ని వెంటబెట్టుకుని, కాచిగూడ రైలెక్కి పట్నం తీసుకెళ్ళాను. పేరెందుకులెండి, పెద్ద కొట్టు. అద్దాల వెనక వరసగా గిటార్లు, ఏసీ, నవ్వుతూ మాట్లాడే కుర్రాడు. పెట్టె పూర్తిగా తెరవకుండానే "వదిలేసి వెళ్ళండి మేడం, నాలుగు రోజుల్లో కొత్తదాన్లా చేసిస్తాం" అన్నాడు. "ఈ హవాయి సెట్టింగు ఇప్పుడెవరూ వాయించట్లేదు. తీగలు కిందికి దించేసి మామూలు గిటారు చేసేద్దాం, పాపకి పనికొస్తుంది. పాలిష్ కూడా కొట్టిస్తాం" అని కూడా అన్నాడు. రసీదు కూడా రాయబోయాడు. రసీదు అడుగున చిన్న అక్షరాల్లో, వస్తువుకి జరిగే నష్టానికి యాజమాన్యం బాధ్యత వహించదని అచ్చయి ఉంది. కుర్రాడి మీద నాకేం కోపం లేదు. పనివచ్చినవాడే అయ్యుంటాడు. 'కొత్తదాన్లా' అనగానే ఎందుకో నా చెయ్యి పెట్టె మూత మీదికి వెళ్ళింది. ఆవిడ కుడి అరచెయ్యి ఆనీ ఆనీ పైపలక మీద ఒకచోట రంగు పోయి చెక్క నున్నగా తేలింది. పాలిష్ కొడితే ముందు పోయేది అదే.

తిరుగు రైల్లో మా చిన్నది అడిగింది. "అమ్మా, నీకు నచ్చనిది ఆ అన్నయ్యా, రసీదా?"

నిజమే, నేను దేన్ని అపనమ్మకంగా చూస్తున్నాను? పని రాదేమో అనా, మోసం చేస్తాడేమో అనా? ఈ రెండూ వేరు. డాక్టరు మంచివాడై వైద్యం రాకపోయినా ప్రమాదమే, వైద్యం వచ్చి మంచివాడు కాకపోయినా ప్రమాదమే. మా అమ్మమ్మ కాలంలో నగ చేయించాలంటే అగసాలిని ఇంటికే పిలిపించి అరుగు మీద కుంపటి పెట్టించేవారు. అమ్మమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటే, పని అయ్యేవరకు లేచేది కాదట. తల్లి బంగారం గురించి ఒక సామెత ఉంది చూశారూ, ఒక వృత్తి మొత్తాన్ని దొంగల ఖాతాలో రాసే సామెత, దాని పుణ్యమది. చిన్నప్పుడు నాకా కథ అమ్మమ్మ తెలివికి గుర్తుగా అనిపించేది. ఇప్పుడాలోచిస్తే, అమ్మమ్మ ఆ మనిషిని నమ్మలేదు, కాపలా కాసింది. కళ్ళెదుట జరిగే పనికి నమ్మకంతో పనేముంది? మన కళ్ళు లేనిచోట, మన బుర్రకు అందని పనిలో, మన ప్రాణంలాంటి వస్తువు ఒకరి చేతుల్లో ఉన్నప్పుడే ఆ మాటకు అర్థం వచ్చేది.

ఆనెట్ బేయర్ అని న్యూజీలాండులో పుట్టిన తత్వవేత్త ఒకావిడ నమ్మకం గురించి 1986లో ఒక పెద్ద వ్యాసం రాసింది. మనకు ప్రీతిపాత్రమైనదాన్ని ఎదుటివాడు పాడుచెయ్యగలిగేంత దగ్గరకు రానివ్వటమే నమ్మటం అంటుంది, నా మాటల్లో చెప్పాలంటే. తత్వవేత్తలు ఇన్ని శతాబ్దాలూ సమానులైన ఇద్దరు పెద్దమనుషులు రాసుకునే ఒప్పందాల గురించే రాశారనీ, పసిబిడ్డ తల్లిని నమ్మటం, ఒకరి మీద ఆధారపడినవాళ్ళు వాళ్ళని నమ్మటం పట్టించుకోలేదనీ ఆవిడ ఫిర్యాదు. చదివి, నిజమే తల్లీ అనుకున్నాను. ఒప్పందాలు రాసుకునే అవకాశం ఎందరు ఆడవాళ్ళకు దక్కింది? మనం ఇచ్చి రావటం, వచ్చి ఎదురుచూడటం, అంతేగా.

ఒప్పందం ఉన్నా ఒరిగేదేమిటి లెండి. 2015లో వచ్చిన 'ది హేట్‌ఫుల్ ఎయిట్' అనే అమెరికా సినిమాకి మార్టిన్ గిటార్ల కంపెనీవారు తమ మ్యూజియంలోంచి 1870ల నాటి గిటారు ఒకటి అరువిచ్చారు. కథలో ఒకడు గిటారును గుంజి బద్దలుకొడతాడు. ఆ దెబ్బకు ముందు షూటింగ్ ఆపి, అసలుది తీసేసి నకలు చేతికివ్వాలని ఏర్పాటు. ఆ ముక్క నటుడికి ఎవరూ చెప్పలేదు. అతను అసలుదాన్నే బద్దలుకొట్టేశాడు. ఇన్సూరెన్సు డబ్బు వచ్చింది. ఆ డబ్బుతో ఏం కొనుక్కుంటారు, నూట నలభై ఏళ్ళనా? ఇకమీదట సినిమాలకు మ్యూజియం గిటార్లు ఇచ్చేది లేదని ఆ కంపెనీ తేల్చిచెప్పింది. అక్కడ దొంగ లేడు, పని రానివాడూ లేడు. వస్తువు ఏమిటో తెలిసినవాడికీ, అది చేతిలో పట్టుకున్నవాడికీ మధ్య ఒక్క మాట నడవలేదు.

మహారాజా కిషన్ పర్షాద్ తన కవిత్వానికి పెట్టుకున్న కలంపేరు 'షాద్'. ఆ పేరు మీద వెలిసిన ఊళ్ళో ఒక వాద్యం బాగుచేసేవాడు దొరకడా అని మావారు వేళాకోళమాడారు. ఆయన వేళాకోళమే పనికొచ్చింది. చర్చిలో గిటారు వాయించే పిల్లల్ని అడిగితే, బజారు వెనక సందులో ఉండే ముసలాయన పేరు చెప్పారు. భజన మండళ్ళ హార్మోనియాలు, డోలకులు, అప్పుడప్పుడు చర్చి గిటార్లు బాగుచేస్తాడట. వెళ్ళి చూద్దును కదా, కొట్టంటే ఒక రేకుల గది. గోడకు విప్పిన హార్మోనియం తిత్తులు, కింద రంపపు పొట్టు, మూల కరెంటు పొయ్యి మీద డబ్బాలో ఏదో ఉడుకుతూ వాసన. నాకు గుండె జారింది. ఏసీ కొట్టునే కాదనుకున్నదాన్ని, ఇక్కడెలా ఇస్తాను?

ఆయన పెట్టె తెరిచి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ముందు తీగలన్నీ వదులు చేశాడు. "ఇట్ల గట్టిగ ఉంచొద్దమ్మా, లేచిన చెక్కను ఇంక గుంజుతయి" అన్నాడు. ఇన్నాళ్ళూ ఆ సంగతి నాకు చెప్పినవారు లేరు. తరువాత ఒక పల్చటి రేకుముక్క బ్రిడ్జి కిందికి దూర్చి చూశాడు, పలక మీద వేలితో అక్కడక్కడ కొట్టి విన్నాడు.

"ఇది పాత బంకమ్మా. ఉడుకు తాకితె వదుల్తది. నేనూ అదే పెడ్త."

పశువుల తోళ్ళూ ఎముకలూ ఉడికించి చేసే బంక అది. మన వైపు వడ్రంగులు వజ్రం అంటారు. డబ్బాలో ఉడుకుతున్నదీ అదే.

"వేడికి మళ్ళీ వదిలేస్తుందేమో కదా. ఇప్పుడు గట్టి కెమికల్ గమ్ములు వచ్చాయిగా, అది పెట్టకూడదూ?" అన్నాను, నాకేదో తెలిసినట్టు.

"పెడితె ఇంక ఊడది. కాని రేపు ఇంకోడు బాగుజెయ్యాల్నంటె చెక్క చీరాలె. నేను తప్పు జేస్తె దిద్దేటట్టు ఉండాలె గదమ్మా."

నాకు చటుక్కున మా పాత టైలరు గుర్తొచ్చాడు. రవికె కుట్టి ఇచ్చేటప్పుడు లోపలి వైపు తిప్పి చూపించేవాడు, "అంగుళం వదిలానమ్మా, రేపు లావైతే విప్పుకోవచ్చు" అని. పైకి కనపడని ఆ అంగుళం గుడ్డలోనే ఉంది అతని మర్యాదంతా. నాజూకుగా కుడతాడని పేరున్న ఇంకొకతను కుట్టు వరకూ కత్తిరించేసేవాడు. వేసుకున్న రోజు అద్దంలో బాగానే ఉండేది. ఏడాదికి బీరువాలో మూలపడేది.

వీణనే చూడండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధివారు పనస దుంగను తొలిచి చేసే వీణ మీద ఇరవైనాలుగు మెట్లూ మైనంలోనే నిలబెడతారు. మేకులతో బిగించరు. కొన్నేళ్ళకు మైనం పాతబడుతుంది, మెట్లు కదులుతాయి, మళ్ళీ కరిగించి మళ్ళీ చెవితో వింటూ మేళం కట్టుకోవాలి. తన పని శాశ్వతం కాదనీ, తన తరువాత మరొక చెయ్యి పడుతుందనీ ముందే ఒప్పుకుని చేసిన వాద్యమది. గట్టిగా బిగించటం చేతకాక అలా వదిలారంటారా?

"ఈ పగులు?" అన్నాను.

"ఆపుత. కనపడకుంట జెయ్యనీకి నాతోని కాదు."

అది కూడా నాకు నచ్చింది. పని వచ్చినవాడి నోట 'నాతోని కాదు' అనే మాట ఎంత అరుదో మీకు తెలియనిది కాదు. విల్లీ నెల్సన్ అనే అమెరికా గాయకుడి గిటారును 1969లో తాగుబోతొకడు తొక్కేస్తే, నాష్‌విల్‌లో బాగుచేసే మనిషికి పంపించాడు. ఆ మనిషి, ఇది బాగుపడదు, నా దగ్గర మార్టిన్ గిటారు ఒకటుంది తీసుకుంటావా అని ఫోనులో అడిగాడు. కళ్ళతో చూడకుండానే సరేనన్నాడు గాయకుడు. వాయించీ వాయించీ పైపలకకు పెద్ద చిల్లి పడినా, ఆ గిటారునే యాభై ఏళ్ళకు పైగా వదల్లేదు. 'బాగుపడదు' అన్నవాడి మాట మీద అంత నమ్మకం కుదిరిందన్నమాట.

నేనిక సంచీ సర్దుకుని, "ఎప్పుడు రమ్మంటారు, అడ్వాన్సు ఎంత?" అన్నాను. నా నిర్ణయం అయిపోయింది.

ఆయన పెట్టె మూత వేసి నా వైపే జరిపాడు. "ఇది నీదా అమ్మా?"

"మా అత్తగారిది."

"ఆమెను తోల్కరా. వాయించేటామె రాకుంట నేను విప్ప."

"ఆవిడ వాయించటం మానేసి చాలా ఏళ్ళయిందండీ."

"అయితేంది? తీగ ఎంత ఎత్తుండాల్నో ఆమె చెయ్యికే ఎర్క."

రేకుల గదిలోంచి బయటికొస్తుంటే నా చెవులు వేడెక్కాయి. నెల రోజులుగా ఇతన్ని నమ్మవచ్చా, అతన్ని నమ్మవచ్చా అని తూకం వేస్తూ తిరిగానే గాని, ఆ గిటారు విషయంలో నన్ను నమ్మవచ్చా అని ఆవిడను నేను అడిగానా? చెప్పకుండా సజ్జ ఎక్కించాను, చెప్పకుండా రైలెక్కించాను. ఆ పట్నం కుర్రాడు హవాయి సెట్టింగు తీసేద్దామన్నప్పుడు నేను ఊరుకున్నది పాలిష్ భయంతో. 'పాపకి పనికొస్తుంది' అన్న మాటకు లోపల కాస్త ఊగాను కూడా. ఇది నా ఒప్పుకోలు. రసీదులో బాధ్యత లేదని రాసుకున్నందుకు ఆ కొట్టును తప్పుపట్టాను, మా ఇంట్లో నేను ఆ మాత్రం రసీదు కూడా రాయలేదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక చెప్పాను, సజ్జ దగ్గర్నుంచీ మొదలుపెట్టి. ఆవిడ వక్కపొడి నములుతూ విన్నది. కోప్పడలేదు. కాసేపాగి, "బాగైతే మళ్ళీ వాయించమంటారు మీరంతా" అంది.

"వాయిస్తే తప్పేముంది అత్తయ్యా?"

తన ఎడమచెయ్యి దీపం వెలుగులో తిప్పి చూసుకుంది. వేళ్ళ కణుపులు గత అయిదారేళ్ళుగా వాచి ఉంటాయి. "అది పాడైపోయింది కనక వాయించట్లేదని అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. అది బాగైపోతే ఇంక ఏమనుకోవాలి?"

నాకు జవాబు రాలేదు. ఆ సంగతి ఏ బంకకూ సంబంధించింది కాదు. బాగుచేయించటం అంటే మంచిపనే కదా అనుకుని బయల్దేరినదాన్ని, ఆ 'పోనీలే' వెనక నా తప్పును క్షమించటమే కాక ఇంకేదో ఉందని నాకేం తెలుసు? "వద్దంటే వద్దు అత్తయ్యా. మంచం కింద పెట్టేస్తాను" అన్నాను, ఈసారి నిజంగానే ఆవిడ చెప్పేదాకా ఆగుదామని.

నాలుగు రోజులు ఆ ఊసెత్తలేదు. అయిదో రోజు పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని, "ఆ సందులోకి ఆటో వెళుతుందా అమ్మాయ్?" అంది.

రేకుల గదిలో ఆవిడకు స్టూలు వేశారు. ఆయన గిటారును ఆవిడ ఒళ్ళో పెట్టి, కడ్డీ చేతికిచ్చి, శ్రుతి లేని తీగల మీద ఊరికే జార్చమన్నాడు. శబ్దమేమీ రాలేదు. ఆయన చూసింది ఆవిడ చెయ్యినే. పెన్సిలుతో ఒక చెక్కముక్క మీద గీత గీసుకుని, "కొద్దిగ దించుత తల్లీ, నీ వేళ్ళకు భారం తగ్గుతది. ఎక్కువ దించితె కడ్డీ మెట్లకు తాకుతది, అంత దించ" అన్నాడు. ఆవిడ సరేనంది. చెయ్యి ఆని రంగుపోయిన చోటు చూపించి, "ఇక్కడ మాత్రం..." అని ఆగింది. "ముట్ట తల్లీ" అన్నాడాయన. రసీదు లేదు, అడ్వాన్సూ తీసుకోలేదు. పది రోజులన్నాడు. ఆ పది రోజులూ నాకు నిద్ర లేదని వేరే చెప్పాలా? రెండుసార్లు కూరగాయల వంకతో ఆ సందులోంచి నడిచి వచ్చాను కూడా. మా అమ్మమ్మ రక్తం ఎక్కడికి పోతుంది? మా అత్తగారు మాత్రం హాయిగా పడుకుంది.

పది రోజులన్నది పదిహేనయ్యాయి. వచ్చింది. బీట అలాగే కనపడుతోంది, లోపలి వైపు చిన్న చిన్న చెక్కబిళ్ళలు అతికించి ఆపాడు. బ్రిడ్జి పలకకు అంటుకుని కూర్చుంది. రంగుపోయిన చోటు రంగుపోయినట్టే ఉంది. తీగలు కొత్తవి.

సాయంత్రం దీపాలు పెట్టాక ఆవిడ తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంది. మేం వంటింట్లోంచి వినీ విననట్టు వింటున్నాం. బిరడాలు తిప్పటం, తీగ మీటటం, మళ్ళీ తిప్పటం. తరువాత కడ్డీ జారిన చప్పుడు, ఒక స్వరం వణుకుతూ పైకి వెళ్ళి సగంలో ఆగింది. మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ అక్కడే ఆగింది.

మా చిన్నది తలుపు తోసి, "ఏమైంది నానమ్మా?" అంది.

"ఏం లేదే. తీగలు కొత్తవి కదా," అందావిడ, "కాస్త నిలవాలి."